‘అకాలం’ ఎవరిది?

2023 మార్చిలో, మళ్ళీ ఏప్రిల్ చివర్లో సిద్దిపేట పల్లెల్లో వడగళ్ళు పడ్డప్పుడు పత్రికలన్నీ ఒకటే మాట రాశాయి: ‘అకాల వర్షం’. మాదీ ఆ వైపే. మా దగ్గర దాన్ని రాళ్లవాన అంటరు. ‘అకాలం’ అని మాత్రం ఊళ్లో ఎవరూ అనగా నేను వినలేదు.

ఈ మాటతోనే నా పేచీ. మన ప్రాంతంలో రాళ్లవానకు మార్చి నుంచి మే దాకా అదే కాలం. కాగిన నేల మీంచి వేడిగాలి లేస్తుంది, సముద్రపు తేమ తోడై మేఘం నిలువునా పెరుగుతుంది. లోపలి గాలి నీటిబొట్లను గడ్డకట్టే ఎత్తుకు తోసి, పొర మీద పొర పేరుస్తుంది. మోయలేనంత బరువెక్కాక వదిలేస్తుంది. ఇందులో అకాలం ఏముంది?

మారింది పొలం. 2020లో రంగనాయకసాగర్, 2022లో మల్లన్నసాగర్ వచ్చాయి. నీళ్లతో పాటు యాసంగి వరి పెరిగింది, కోత ఏప్రిల్, మే నెలల్లో. పండిన కంకి మీద రాయి పడితే గింజ రాలిపోయి గడ్డి మిగులుతుంది. ఆ మే నెలలో ప్రభుత్వమే యాసంగి కోతలు మార్చిలోగా ముగిసేలా సీజన్‌ను ముందుకు జరపాలంది.

దీనికి సాహిత్యంతో ఏం పని? మన రైతు కథ కరువు దగ్గర రూపం నేర్చుకుంది. ఎండిన బావి, ఫెయిలైన బోరు, అప్పు... కరువు నెమ్మదిది కాబట్టి ప్లాట్ దానంతటదే వస్తుంది. గోరటి వెంకన్న ‘పల్లె కన్నీరు పెడుతుందో’లో ప్రపంచీకరణ అనే శత్రువు ఉంది. రాళ్లవానది పది నిమిషాల పని, అదీ నీళ్లొచ్చిన ఊళ్లో. నేను చదివిన కథల్లో అది చివరి దెబ్బగా ఒక్క వాక్యంలో వచ్చిపోతుంది. ఆ వాక్యమూ, పత్రికల ‘అకాలమూ’ నెపాన్ని ఆకాశం మీదికే తోస్తాయి.

కథ ఉన్నది తర్వాతి రోజుల్లో. 2020లోనే రాష్ట్రం ఫసల్ బీమా నుంచి బయటికొచ్చింది. 2023 మార్చిలో ఎకరాకు 10,000 రూపాయలు ప్రకటించారు. పంట 33 శాతం పోతేనే నష్టం కింద లెక్క. నాలాంటి ప్రోగ్రామర్‌కు అదొక ఇఫ్ కండిషన్. 32కీ 33కీ మధ్య మడిగట్టు మీద ఏఈవో ముందు నిలబడ్డ మనిషికి ఏమిటది? పట్టా ఒకరిది, దున్నేది ఇంకొకరు. ఆ డబ్బు గురించి ఆ ఇద్దరూ ఏం మాట్లాడుకుని ఉంటారు?

ఆ సంభాషణ రాసిన కథ కోసం చూస్తున్నా.