నేల ‘శ్వాస’: సున్నపు నేలల వర్ణనలో ఒక పారిభాషిక పదం – విమర్శ

కీలకపదాలు: శాస్త్ర పరిభాష, రూపకం, సున్నపురాయి, బొగ్గుపులుసు వాయువు, తిరువూరు, జగ్గయ్యపేట.

నేల నుండి వెలువడే కార్బన్‌ డై ఆక్సైడ్‌ను ‘మృత్తికా శ్వాసక్రియ’ అనడం ఆంగ్ల పదబంధానికి మాటకు మాట అనువాదం. ‘శ్వాస’ అనగానే శ్వాసించే ప్రాణి స్ఫురిస్తుంది. వేళ్లు శ్వాసిస్తాయి, రాలిన ఆకును, చచ్చిన వేరును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు శ్వాసిస్తాయి. అంతవరకు పదం సార్థకమే. అయితే సున్నపు నేలలో మూడవ మూలం ఒకటుంది. అది రాయి. దానికి ప్రాణం లేదు కనుక రూపకంలో చోటు దొరకలేదు.

ఎన్‌.టి.ఆర్‌. జిల్లాలో ఈ భేదాన్ని దగ్గరగానే చూడవచ్చు. తిరువూరు పరిసరాలు మామిడి తోటలకు, ఎర్రనేలలకు పేరుపడినవి. అక్కడి నేల గాలిని గురించి ‘శ్వాస’ అన్నా పెద్ద ప్రమాదం లేదు. అదే జిల్లా పడమటి అంచున ఉన్న జగ్గయ్యపేట సున్నపురాతి ప్రాంతం. అక్కడి బౌద్ధ స్తూపంలో లభించిన మాంధాత చక్రవర్తి శిల్పం సున్నపురాతిదే. నేటి సిమెంటు కర్మాగారాలకూ ఆ రాయే ఆధారం. అటువంటి రాతిపై పలుచని మట్టి, ఆ మట్టిలో గరిక ఉన్నచోట పైకి వచ్చే వాయువంతా ప్రాణుల నుండే వచ్చిందనడం నిర్ధారణ కాదు, ఊహ.

ఇక్కడ పాత తెలుగు పదం ఎక్కువ చెబుతుంది. ‘బొగ్గుపులుసు వాయువు’ అన్న మాటను మోటుగా ఉందని పక్కకు నెట్టాం. కానీ అందులోని ‘పులుసు’ ఆమ్లగుణాన్ని పట్టుకుంది. వాయువు నీటిలో కరిగి పులుపెక్కుతుంది. ఆ నీరు సున్నపురాతిని కరిగిస్తుంది. సున్నపుతేటలోకి ఈ వాయువును పంపితే అది పాలవలె తెల్లబడుతుందని బడిపిల్లలకు తెలుసు. ఇంకా పంపితే తెలుపు పోయి తేరుకుంటుంది. ఆ ద్రవాన్ని కాచితే మళ్లీ తెల్లబడి వాయువును విడుస్తుంది. నేలలో జరిగేదీ ఇదే. వానలకు తడిసినప్పుడు రాయి కరుగుతూ నేల గాలిలోని వాయువును కొంత తీసుకుంటుంది. నేల ఆరి సున్నం తిరిగి పేరుకుంటే ఆ వాయువు బయటపడుతుంది. బొర్రా, బెలుం గుహలలో బొట్టుబొట్టుగా సున్నం గడ్డకట్టడమూ ఈ చర్య ఫలితమే. ‘శ్వాస’ అనే రూపకాన్ని చివరికంటా అనుసరించినవారెవరైనా ఉంటే, ఉచ్ఛ్వాసను కూడా వెదికి రాతి దగ్గరకు చేరి ఉండేవారు!

ఎరువుల విషయం వేరు. యూరియా, అమ్మోనియం ఎరువులు సూక్ష్మజీవుల వల్ల నైట్రేట్‌గా మారేటప్పుడు ఆమ్లత పుడుతుంది. అది సున్నాన్ని తాకితే రాతిలోని కార్బనే వాయువై లేస్తుంది. ఇది అప్పు తీర్చడం కాదు, మూలధనం తరిగిపోవడం. ఈ వాయువును కూడా ‘శ్వాస’ ఖాతాలో వేస్తే సేంద్రియ పదార్థం ఎంత వేగంగా క్షీణిస్తోందన్న లెక్క తప్పుతుంది. పొలంలో కార్బన్‌ నిల్వలకు వెలకట్టే కాలంలో ఇది పదాల తగవు మాత్రమే కాదు.

మూలాలను వేరుచేసే పద్ధతి ఉంది. కార్బన్‌–13 కొలమానంలో సముద్రజనితమైన సున్నపురాయి విలువ సున్నకు దగ్గరగా ఉంటుంది. మామిడి, ప్రత్తి వంటి మొక్కలది వెయ్యికి సుమారు మైనస్‌ 27. గరిక, జొన్న, మొక్కజొన్నలది సుమారు మైనస్‌ 13. అంటే మామిడి తోటలో రాతిని గుర్తించడం కన్నా గరికబీడులో గుర్తించడం కష్టం. అక్కడ కార్బన్‌–14 అక్కరకు వస్తుంది: దాని అర్ధాయువు సుమారు 5,730 సంవత్సరాలు కాబట్టి కోట్ల ఏళ్ల నాటి రాతిలో అది మిగలదు. ఇటువంటి పరీక్షల్లో సాధారణంగా పెద్దవాటా ప్రాణులదే అవుతుంది. అయినా పెద్దవాటాకు పెట్టిన పేరు మొత్తానికి చెల్లదు.

కొలిచినదానికి ‘నేల నుండి వెలువడే వాయువు’ అనే పేరు చాలు. వేళ్లకు, సూక్ష్మజీవులకు ‘శ్వాస’ను ఉంచవచ్చు, రాతి పాత్రకు ‘సున్నం కరుగుట’, ‘సున్నం పేరుకొనుట’ అన్న తేటమాటలు ఉన్నాయి. తిరువూరుతో పాటు ఇదే జిల్లాలోకి వచ్చే పెనుగంచిప్రోలులో 1877లో జన్మించిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమాలను ఆరంభించినప్పుడు శాస్త్రాన్ని తెలుగులో చెప్పడమే సాహసం. నేటి పరిశోధకునికి ఆ సాహసం అక్కరలేదు. అనువాదపదాన్ని వాడే ముందు అది ఏ నేలకు సరిపోతుందో చూసుకునే ఓపిక కావాలి. ‘శ్వాస’ ఎర్రనేలకు సరిపోయింది, జగ్గయ్యపేట రాతినేలకు సరిపోలేదు.