మూగవోయిన గొంతు

రాడీ డాయిల్ 1987లో వెలువరించిన నవల ననుసరించి ఆలన్ పార్కర్ 1991లో తీసిన "ది కమిట్‌మెంట్స్" చిత్రమును మేము చూచితిమి. డబ్లిన్ ఉత్తరభాగపు శ్రామికయువజనులు మేళముగా కూడి, అమెరికా నల్లజాతివారి సోల్ సంగీతమును పాడుదురు. ఇది ఎరువు సొమ్ము గదా యని కొంద రనవచ్చును. లేమి నెరిగిన గొంతునకు ఆ పాట పరాయిది గాదు. పార్కర్ సంగీతము నెరిగినవారినే పాత్రధారులుగా వెదకి తెచ్చుటచే చిత్రమునకు నిజమైన బలము చేకూరినది. మేళము కలహములచే చెదరినను, అందు చేరినవారు తలయెత్తి నిలుచుట నేర్చిరి.

అయినను ఒక్కమాట. మువ్వురు గాయనులలో ఇమెల్డా పెండ్లియాడెననియు, భర్త యామెను పాడనీయడనియు చిత్రాంతమున నొక్క పలుకుతో దాటవేసిరి. మేళము విచ్చిపోవుటకంటె ఈ గొంతు మూగవోవుటయే మాకు పెద్ద విషాదముగా తోచినది. పాట యిచ్చిన స్వేచ్ఛ పెండ్లితో ముగియునేని, అది సగము స్వేచ్ఛయే.