లారా అడిగిన ప్రశ్న

లారా ఇంగల్స్ వైల్డర్ మొదటి నవల అచ్చయ్యేనాటికి ఆమెకు 65 ఏళ్లు. ఈ వయసులో ఏం రాస్తాంలే అనుకునే మన పెద్దలకు ముందుగా ఈ మాట చెప్పాలి.

ఆమె 1867లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పుట్టింది. తండ్రి ఒకచోట నిలిచే మనిషి కాదు. గుర్రపు బండి కట్టి పెళ్లాం బిడ్డలను కొత్త నేలల వెంట తిప్పాడు. లారా 16 ఏళ్లు నిండకముందే డకోటాలో ఒంటిగది బడికి పంతులమ్మ అయింది. పెళ్లయ్యాక పంటలు పోయాయి, అప్పులు మిగిలాయి. చివరికి మిస్సోరిలో చిన్న పొలం చూసుకుంటూ రైతుల పత్రికకు వ్యాసాలు రాసింది. 1932 నుంచి 1943 దాకా తన బాల్యం మీద, భర్త బాల్యం మీద ఎనిమిది నవలలు వచ్చాయి. కూతురు రోజ్ వాటిని దిద్దిపెట్టింది. 1957లో లారా కన్నుమూసింది.

పనిని ఆమె రాసినంత మర్యాదగా రాసినవాళ్లు తక్కువ. దుంగ మీద దుంగ పేర్చి ఇల్లు లేపడం, ఇనుప మేకు లేకుండా తలుపు బిగించడం, గడియకు తోలు తాడు కట్టడం, అన్నీ చేత్తో చేసి చూపినట్టు ఉంటాయి. 1880-81 చలికాలంలో మంచుకు రైళ్లు ఆగిపోయాయి. కాఫీ గింజల మరలో గోధుమలు విసురుకుని, ఎండుగడ్డిని మెలిపెట్టి పొయ్యిలో పెట్టుకుని బతికారు. ఆ ఆకలిని ఒక్క ఏడుపు మాట లేకుండా చెప్పింది. ఇల్లు కట్టడం, కరువు దాటడం తెలిసిన మన పిల్లలకు ఇవి పరాయి పుస్తకాలు అనిపించవు.

కానీ 1935లో వచ్చిన ‘లిటిల్ హౌస్ ఆన్ ద ప్రెయిరీ’ దగ్గర మనం ఆగాలి. ప్రెయిరీ అంటే పెద్ద గడ్డి మైదానం. ఆ ఇల్లు కట్టింది కాన్సాస్‌లో, ఓసేజ్ అనే ఆదివాసుల నేల మీద. తండ్రికి అక్కడ ఇల్లు కట్టే హక్కు లేదు. వాళ్లు అక్కడున్న 1869-71 కాలంలో లారా వయసు రెండు నుంచి నాలుగేళ్లు. నవలలో మాత్రం ఆ పిల్ల ఇంకా పెద్దది. అంటే ఇది ఆమె కళ్లతో చూసి గుర్తుపెట్టుకున్నది కాదు, ఎక్కువగా ఇంట్లో పెద్దలు చెప్పుకున్న కథ.

ఇద్దరు ఓసేజ్ మగవాళ్లు ఇంట్లోకి వచ్చి రొట్టె తిని వెళ్లే ఘట్టం ఉంది. తమ నేల మీద, తమ కలపతో కట్టిన ఇంట్లోకి వాళ్లు వచ్చారు. పుస్తకం మాత్రం మనల్ని తల్లి కొంగు వెనక నిలబెట్టి భయపడమంటుంది. వాళ్ల కళ్లు, వాసన, ఒంటి మీది తోలు కనిపిస్తాయి, పేర్లు మాత్రం ఉండవు. తలుపు గడియ తాడును అంత ఓపికగా చూసిన రచయిత్రి ఈ మనుషులను అలా చూడలేదు. ఓసేజ్‌లలో పేరు దక్కింది ఒక్క నాయకుడికి. అదీ తెల్లవాళ్ల ప్రాణాలు కాపాడినందుకు.

మొదటి ముద్రణలో, ఆ నేల మీద ఇండియన్లు ఉన్నారంటూనే మనుషులు లేరన్న అర్థం వచ్చేలా రాసింది. చాలా ఏళ్లు ఎవరికీ అది తప్పుగా తోచలేదు. ఒకరు ప్రచురణకర్తలకు ఉత్తరం రాశాక, లారా ఒప్పుకుని, 1953 ముద్రణలో ‘మనుషులు’ అన్నచోట ‘వలస వచ్చి స్థిరపడినవాళ్లు’ అనే అర్థమిచ్చే మాట వేశారు. మాట మారింది, చూపు మారలేదు. మనం తరతరాలుగా పోడు చేసుకున్న నేలను కాగితంలో ‘బంజరు’ అని రాస్తే ఏమవుతుందో మన ఊరి పెద్దలను అడిగితే చెబుతారు.

1998లో మిన్నెసోటాలో ఒక డకోటా పాప, తరగతిలో ఈ పుస్తకం విని ఏడుస్తూ ఇంటికి వెళ్లింది. మంచి ఇండియన్ అంటే చచ్చిన ఇండియనే అనే భావం నవలలో ఒకటికి రెండుసార్లు పొరుగువాళ్ల నోట వస్తుంది. తండ్రి పాత్ర దాన్ని ఒప్పుకోదు నిజమే, కానీ ఎనిమిదేళ్ల పాప చెవిలో ముందు పడేది ఆ మాటే. 2018లో అమెరికా గ్రంథాలయ సంఘం వాళ్లు ఆమె పేరున్న బాలసాహిత్య పురస్కారానికి పేరు మార్చారు. అది సబబే అని మా అభిప్రాయం. పురస్కారానికి ఎవరి పేరు పెట్టాలన్నది ఒక సంగతి, పుస్తకం చదవాలా వద్దా అన్నది వేరే సంగతి. పుస్తకాన్ని దాచేయమని మేము అనం. చిన్న తరగతి పిల్లల చేతికి ఒంటరిగా ఇవ్వొద్దంటాం.

ఎందుకంటే ఇదే నవలలో ఒక రాత్రి లారా తండ్రిని అడుగుతుంది: ఇది ఇండియన్ల నేల కదా, వాళ్లను పొమ్మంటే వాళ్లకు కోపం రాదా? తండ్రి జవాబు చెప్పడు. ప్రశ్నలు చాలు, పడుకోమంటాడు. రచయిత్రి అక్కడ ఇంకేమీ కలపలేదు. ఎనిమిది నవలల్లో మాకు అన్నిటికన్నా నిజంగా తోచిన చోటు ఇదే. బడిలో చదివేటప్పుడు అక్కడ పుస్తకం పక్కన పెట్టి, తండ్రి చెప్పని జవాబును పిల్లల చేత చెప్పించండి.

ఆ తర్వాత లూయీస్ ఎర్డ్రిక్ కథ చెప్పండి. ఆమె ఒజిబ్వే ఆదివాసీ రచయిత్రి. 1999లో ‘ద బర్చ్‌బార్క్ హౌస్’ రాసింది. అది 1847 నాటి కథ, సుపీరియర్ సరస్సులోని ఒక దీవిలో జరుగుతుంది. బయటి నుంచి వచ్చిన మశూచి ఆ ఊరిని ఊడ్చేస్తుంది, ఒమాకయాస్ అనే పాప తన చిన్న తమ్ముణ్ణి పోగొట్టుకుంటుంది. ఆ నవలలోనూ ఇల్లు కట్టడం ఉంది. చెట్టు బెరడుతో, అమ్మమ్మతో కలిసి, ఎప్పటినుంచో తమదైన నేల మీద.