వినేవాడి షరతు

కాశీ మజిలీ కథలన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది కథ కాదు, కథలు మొదలవకముందు కుదిరిన బేరం. మణిసిద్ధుడనే ఆయన కాశీకి బయల్దేరాలి. ఒంటరిగా పోకూడదు, తోడు కావాలి. ఎవరినడిగినా రామంటారు. చివరికి పశువులు కాచుకునే కుర్రాడొకడు సరేనన్నాడు, ఒక్క షరతు మీద. మజిలీ చేసిన ప్రతి చోటా తాను చూసిన వింత గురించి అడుగుతాడు, దాని వెనక ఉన్న కథ ఈయన చెప్పాలి. చెప్పకపోతే కుర్రాడు అక్కణ్నుంచే వెనక్కి తిరిగి ఇంటికి పోతాడు. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా రాసిన అంత పెద్ద పుస్తకమూ ఈ బెదిరింపు మీదే నడుస్తుంది.

కాశీ అంటే అప్పట్లో మాటలు కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి బయల్దేరి, కాశీ చూసి తిరిగి ఇల్లు చేరేసరికి పదిహేను నెలలు పట్టింది. పల్లకీలూ పరివారమూ ఉన్న మనిషి సంగతే అది. కాలినడకన పోయేవాడు చీకటి పడ్డాక సత్రం అరుగు మీద కూచుని ఏం చేస్తాడు? అద్భుత కథ ఎక్కడ పుట్టిందని పండితులు ఎంతైనా వాదించుకోనీండి, అది బతికిన చోట్లు మాత్రం ఇలాంటి అరుగులే. మన కృష్ణా జిల్లాలో అయితే పడవలు, కళ్లాలు. ఊరూరికీ బస్సులు రాకముందు కాలవల మీద పడవల్లో రాత్రంతా ప్రయాణాలు చేసేవారు. కుప్పనూర్పుల రోజుల్లో ధాన్యపు రాశి దగ్గర కాపలా కూడా రాత్రంతానే. మెలకువగా ఉండాల్సిన కాపలావాడికీ కథే కావాలి, నిద్రపోవాల్సిన పిల్లకీ కథే కావాలి. ఈ రెండు పనులూ ఒకే కథ ఎలా చేస్తుందో నాకు ఇప్పటికీ వింతే.

మన అద్భుత కథల్లో పెత్తనం చెప్పేవాడిది కాదు, వినేవాడిది. ఇది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు, ఆ కథలే చెప్పుకుంటున్నాయి. అరేబియన్ నైట్స్‌లో వినేవాడు రాజు, చేతిలో కత్తి ఉంది, కాబట్టి కథ చెప్పే రాణికి చెప్పక తప్పదు. మన కుర్రాడి చేతిలో పశువుల్ని అదిలించే కర్ర తప్ప ఏమీ లేదు. ఇంటికి పోతానన్నాడు, అంతే. అయినా సరిపోయింది.

బేతాళ కథల షరతు మరీ తిరకాసుది. కథాసరిత్సాగరంలో శవం మోసే రాజు పేరు త్రివిక్రమసేనుడు, ఊరు గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానం. మనకి మాత్రం విక్రమార్కుడే. శవాన్ని భుజాన వేసుకుని నోరు మెదపకుండా నడవాలి. కథ అయ్యాక బేతాళుడు ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది. చెబితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. అన్నిటికీ టక్కున జవాబు చెప్పిన రాజుకి, చిట్టచివరి చిక్కు ప్రశ్నకి ఏమీ తోచదు. ఊరికే నడుస్తాడు. అప్పుడు గానీ బేతాళుడు లొంగడు. జవాబులు తెలిసినన్నాళ్లూ శ్మశానం చుట్టూ తిరగడమే సరిపోయింది పాపం.

ఇక గుణాఢ్యుడి కథ. శాతవాహన రాజు కొలువులో మంత్రి. రాజుకి సంస్కృతం ఎన్నాళ్లలో నేర్పవచ్చునన్న పందెంలో ఓడిపోయి, సంస్కృతమూ ప్రాకృతమూ దేశభాషా మూడూ వదిలేసి అడవి పట్టాడు. అక్కడ పిశాచాల భాషలో ఏడు లక్షల శ్లోకాల బృహత్కథ రాశాడట, అదీ తన నెత్తురుతో. తీసుకెళితే రాజు చీదరించుకున్నాడు. గుణాఢ్యుడు కొండ ఎక్కి మంట వేసుకుని, ఒక్కొక్క పుట చదవడం, మంటలో వెయ్యడం. విన్నది అడవి జంతువులు. మేత మరచి, కన్నీళ్లు కారుస్తూ చుట్టూ కూచున్నాయి. జంతువులు చిక్కిపోయేసరికి రాజుగారి వంటశాలకు వచ్చే మాంసంలో పస లేకుండా పోయింది, రాజు జబ్బుపడ్డాడు, ఆరా తీస్తే సంగతి బయటపడింది. పరిగెత్తుకొచ్చేసరికి మిగిలింది లక్ష శ్లోకాలు. ఆ లక్షా ఇప్పుడు లేవు. కాశ్మీరంలో క్షేమేంద్రుడూ సోమదేవుడూ పదకొండో శతాబ్దంలో సంస్కృతంలో తిరగరాసినవి మిగిలాయి. మన అమరావతి పక్కన ధాన్యకటకాన్ని ఏలిన శాతవాహనుల పేరు మీద నడిచే ఈ కథలో గొప్ప మలుపు నెత్తురు సిరా కాదు, కథ వినడానికి మనిషి దొరకనప్పుడు జింకలు వచ్చి కూచోవడం. సాహిత్య విమర్శలో ఇంత చురుకైన వాక్యం నేను చదవలేదు.

మా అమ్మమ్మది చల్లపల్లి వైపు పల్లెటూరు. ఆవిడ ఈ పుస్తకాలేవీ చదవలేదు గానీ ఇదే చట్టం ఆవిడ మంచం దగ్గరా నడిచేది. వాక్యం వాక్యానికీ ఊఁ కొట్టాలి. కొట్టకపోతే కథ ఆగిపోతుంది. "ఊఁ కొట్టే దిక్కు లేకపోతే ఎవరికి చెప్పనే, గోడకా?" అనేది. మేం ఎక్కువసార్లు అడిగింది బాలనాగమ్మ. మాయల ఫకీరు బాలనాగమ్మను కుక్కను చేసి ఎత్తుకుపోవడం, ఉయ్యాల్లో ఉన్న కొడుకు బాలవర్ధి పెరిగి తల్లిని వెతుక్కుంటూ పోవడం, పూలు కట్టే ముసలమ్మ ఇంట్లో మకాం పెట్టి కోటలోకి కబురు పంపడం, ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు మీది చిలకలో ఉందని తెలియడం. అమ్మమ్మ చెప్పేటప్పుడు ఆ చెట్టు హంసలదీవి దాటాక ఉండేది. బాలవర్ధి మొదట కృష్ణ దాటేది బల్లకట్టు మీద. నది సముద్రంలో కలిసే చోటు మా పిల్లలందరికీ తెలుసు. కాబట్టి ఆ చిలక మాకు మరీ అందనంత దూరంలో ఏమీ లేదు.

1865 చలికాలంలో బొంబాయి గవర్నరు బార్టిల్ ఫ్రియర్ దక్కన్ పర్యటనకు వెళుతూ కూతురు మేరీని వెంటబెట్టుకెళ్లాడు. మజిలీ మజిలీకీ గుడారాలు. వేరే ఆడతోడు లేదు. పొద్దుపోక ఆ అమ్మాయి తన ఆయా అన్నా లిబెరాటా డిసౌజాను కథలు చెప్పమంది. అన్నా వాటిని తన అమ్మమ్మ దగ్గర విన్నది. మేరీ రాసుకున్న ఆ కథలు 1868లో లండన్‌లో 'ఓల్డ్ దక్కన్ డేస్' పేరుతో అచ్చయ్యాయి. అందులో మొదటి కథ పంచ్‌కిన్ అనే మాంత్రికుడిది. వాడు ఎత్తుకుపోయిన రాజకుమార్తె పేరు బాల్నా. ఆమెను కుక్కను చేసి తీసుకుపోతాడు. ఉయ్యాల్లో పిల్లవాడు పెరిగి తల్లిని వెతుక్కుంటూ వచ్చి, తోటవాడి పెళ్లాం ఇంట్లో దిగుతాడు. మాంత్రికుడి ప్రాణం ఆరు కుండల నీళ్ల కింద పంజరంలో చిలకలో ఉంటుంది. మన బాలనాగమ్మే! తెలుగు పల్లెల్లో బుర్రకథ వాళ్లు తెల్లవార్లూ చెప్పిన కథ, ఇంగ్లండ్‌లో పిల్లలు వేరే పేర్లతో చదువుకున్నారు. ఫ్రేజర్ అనే పండితుడు తన 'గోల్డెన్ బౌ'లో, ప్రాణం ఒంట్లో కాక ఇంకెక్కడో దాచుకున్నవాళ్ల కథల్ని దేశదేశాల నుంచి పోగేసినప్పుడు పంచ్‌కిన్‌నీ ఎత్తిచూపాడు. రష్యాలో కొషేయ్ అనేవాడి చావు సూదిలో, సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో, కుందేలు పెట్టెలో.

ఎవరి దగ్గర్నుంచి ఎవరికి పోయింది? 1859లో బెన్‌ఫీ అనే జర్మన్ పండితుడు, కథల్లో చాలా భాగం మన దేశం నుంచే వెళ్లాయన్నాడు. వాట్సాప్ దేశభక్తులు ఆ మాట ఇంకా పట్టుకు తిరుగుతున్నారు. పంచతంత్రం పహ్లవీలోకీ, అక్కణ్నుంచి అరబ్బీలోకీ వెళ్లింది నిజమే. కానీ దారి ఒకవైపే లేదు. అల్లాఉద్దీన్ కథను 1709లో పారిస్‌లో గాలాన్ అనే ఫ్రెంచి పండితుడికి చెప్పినవాడు హన్నా దియాబ్ అనే అలెప్పో యువకుడు. గాలాన్ తన డైరీలో అతని పేరు రాసుకున్నాడు, పుస్తకంలో రాయలేదు. ఆ కథలోని మాంత్రికుడే, మన కాశీ మజిలీ కథల గాలి కూడా సోకి, 1951లో 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుడై వచ్చాడు. అలెప్పో నుంచి పారిస్ మీదుగా ఉజ్జయినికి, అక్కణ్నుంచి మన ఊళ్ల టూరింగ్ టాకీసులకి! హన్నా దియాబ్ ఆ నేల టిక్కెట్టు ఈలలు వింటే ఏమనుకునేవాడో.

సినిమా తీసింది మద్రాసులో. దర్శకుడు కె.వి.రెడ్డిది తాడిపత్రి. మిగిలినదంతా ఇంచుమించు మన గడ్డే. నిర్మాత చక్రపాణిది తెనాలి, మాటలూ పాటలూ రాసిన పింగళి నాగేంద్రరావు బందరులో పెరిగినవాడు, హీరో తోట రాముడు నిమ్మకూరువాడు, మాంత్రికుడు నూజివీడులో పుట్టినవాడు, సంగీతం కట్టిన ఘంటసాలది గుడివాడ దగ్గర చౌటపల్లి. అంతటి సినిమా మీద నాకు ఫిర్యాదు లేదు గానీ ఒక్క మాట. ఆ ఏడాది తర్వాత తెలుగు పిల్లలందరికీ మాంత్రికుడంటే ఎస్వీ రంగారావు ముఖమే. అంతకుముందు ఎవరి మాంత్రికుడు వాళ్లకుండేవాడు. ఏడు సముద్రాలు, పెద్ద మర్రి, చిలక అని మాత్రమే అని కథ ఊరుకునేది. మిగిలిన సరంజామా వినేవాడు తన ఊరి నుంచి తెచ్చుకునేవాడు. అద్భుత కథ అన్ని ఊళ్లకీ పోగలిగిందంటే కారణం ఇదేనని నా నమ్మకం. వర్ణన తక్కువ, ఖాళీ ఎక్కువ. రష్యావాడు ప్రాప్ 1928లో నూరు కథలు విప్పి, వాటి కదలికలన్నీ ముప్పై ఒక్కటే అని లెక్క తేల్చాడు. గొప్ప పనే. కానీ ఎముకలు లెక్కపెట్టినంత మాత్రాన పిల్ల ఎందుకు నిద్ర ఆపుకుందో తెలియదు.

ఆ ఖాళీని బాగా ఎరిగిన రచయిత ఒకాయన మన తెనాలి ప్రాంతం నుంచే మద్రాసు వెళ్లాడు. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో మొదలుపెట్టిన 'చందమామ'లో చేరి, 1954లో 'తోకచుక్క' సీరియల్ రాశాడు. ఆ తర్వాత మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ. చిత్రా బొమ్మలు. సీరియల్ కింద రచయిత పేరు ఉండేది కాదు. మేం చదివినన్నాళ్లూ చందమామే రాసిందనుకున్నాం. నెలకొక భాగం, అదీ ఎవడో కొండచరియ మీద వేలాడుతూ ఉండగా ఆగిపోయేది. వచ్చే నెల దాకా వాణ్ని ఆ కొండ మీద నుంచి దించే పని మాదే. బడిలో ఎవరి ముగింపు వాళ్లు చెప్పేవాళ్లం. రాసినాయన దాసరి సుబ్రహ్మణ్యం అని ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక గానీ తెలియలేదు. ఆయన 2010 జనవరిలో ఈ విజయవాడలోనే కన్నుమూశాడు.

చందమామను దశాబ్దాల పాటు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు సంగతి ఇంకా తమాషా. జీవితమంతా శాస్త్ర దృక్పథం, మార్క్సిజం అని వాదించిన మనిషి, 1970లో విరసంలో ఉన్న మనిషి, నెల నెలా శవాన్ని చెట్టు దింపించాడు. పాత బేతాళ కథలు పాతికే. చందమామలో అవి వందల్లోకి వెళ్లాయి. ఎవరి కథైనా దానికో చిక్కుముడి తగిలించి, బేతాళుడి నోట ప్రశ్నగా మార్చడమే కిటుకు. నీతి చెప్పలేదు, ప్రశ్న అడిగాడు. ఈనాటి పిల్లల పుస్తకాల్లో ప్రతి కథ కిందా గళ్లు కట్టి 'నీతి' అని వేసేవాళ్లు ఈ ఒక్క కిటుకు గమనిస్తే బావుండును. బాలవర్ధి కథకి నీతి ఏమిటని వేస్తారు? చిలకను పెంచకూడదనా?

2013 ప్రాంతంలో చందమామ ఆగిపోయింది. పాత సంచికలు ఇప్పుడు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో అదృష్టం బాగుంటే దొరుకుతాయి. ఏటా జనవరిలో పుస్తక మహోత్సవంలో నడివయసువాళ్లు బేతాళ కథల సంపుటాలు కొనడం చూస్తుంటాను. పిల్లల కోసమంటారు, ఆటోలో కూచోగానే తామే తెరుస్తారు. అద్భుత రసానికి గిరాకీ తగ్గలేదు. 'బాహుబలి'కి క్యూ కట్టినవాళ్లం మనమే. కథ చదివి వినిపించే యాప్‌లూ వచ్చాయి, గొంతులు కూడా బాగున్నాయి. మా మేనకోడలి కూతురు ఒక రాత్రి అలాంటిదొకటి పెట్టుకుని పడుకుంది. కథ మధ్యలోనే నిద్రపోయింది. అది మాత్రం చెప్పుకుంటూ పోయింది. మణిసిద్ధుడు అలా చెప్పుకుంటూ నడిచి ఉంటే మొదటి మజిలీ దాటేసరికే కుర్రాడు ఇల్లు చేరేవాడు.

మీ ఇళ్లలో బాలనాగమ్మనో, కాంభోజరాజు కథనో, పేరే లేని ఏ రాకాసి కథనో నోటితో చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంకా ఉంటే ఈ సంక్రాంతి సెలవుల్లో చెప్పించుకోండి. ఫోన్‌లో రికార్డు చెయ్యండి, కానీ ఊఁ కొట్టడానికి ఒక పిల్లనో పిల్లవాణ్నో ఎదురుగా కూచోబెట్టండి. లేకపోతే ఆ పెద్దావిడ రెండు ముక్కల్లో తేల్చేస్తుంది. రాసుకునేటప్పుడు పుస్తకంలో ఇలా లేదే, సినిమాలో ఇలా లేదే అని సరిదిద్దకండి. ఆవిడ చెట్టును ఎక్కడ నాటితే అక్కడే ఉంచండి, ఏ రేవులో దాటిస్తే ఆ రేవే రాయండి. కింద ఆ కథ విన్న ఊరి పేరు వెయ్యండి.