కొల్లేట్లో కొలవాల్సింది

ఈ వారం కొల్లేరు సరస్సు ఒడ్డున ఆటపాకలో నీటిపక్షుల లెక్కింపు చూసి మనసు నిండిపోయింది. కాలేజీ పిల్లలు గట్టు మీద టెలిస్కోపులు నిలబెట్టి, గూడకొంగలను చెట్టు చెట్టుకీ, గూళ్ల కోసం నిలిపిన ఇనుప స్టాండు స్టాండుకీ లెక్కగట్టి నోటుపుస్తకంలో రాసుకుంటున్నారు. అభయారణ్యాన్ని కాపాడేది ముందు ఆ నోటుపుస్తకం, తర్వాతే లాఠీ అని ఈ కాలమ్ చదివేవారికి ఎన్నోసార్లు చెప్పాను.

కొల్లేటి కథే అందుకు సాక్ష్యం. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టం నుంచి ఎత్తును చూపే గీత) దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. కానీ ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు 2001 నాటి ఉపగ్రహ చిత్రాన్ని పరిశీలిస్తే, 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో 42 శాతం చేపల చెరువులే కనిపించాయి. ఆ లెక్క వచ్చాక ఎవరూ బుకాయించడానికి వీల్లేకపోయింది.

2006లో ఆక్రమణలు తొలగించడానికి ఆపరేషన్ కొల్లేరు వచ్చింది. చేపల చెరువుల గట్లను మందుగుండు పెట్టి పేల్చేశారు. పెద్ద చెరువుల వెనకున్న పెట్టుబడిదారులు ఇంకోచోటికి పోగలిగారు. సరస్సులోని లంక గ్రామాల్లో ఎకరమో అరెకరమో జిరాయితీ (పట్టా భూమి) ఉన్నవాళ్లు ఎక్కడికి పోతారు? గీత ఎక్కడ గీయాలో శాస్త్రం చెప్పింది, గీతకు లోపల పడ్డ మనిషి సంగతి ప్రభుత్వం చూడాల్సింది. చూడలేదు. అందుకే 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ 2011లో రెండు మాటలూ కలిపి చెప్పింది: కుదించొద్దు, పట్టా భూములకు పరిహారం ఇవ్వండి. మొదటి మాటను కోర్టుల దాకా మోసుకెళ్లారు. రెండో మాట లంకల వాళ్లు ఇప్పటికీ అడుగుతున్నారు.

ఇంకా పరిశోధనలు జరగాలి, ఇంకో కమిటీ వేయాలి అని రాద్దామనే ఆటపాకలో కూర్చున్నాను. పక్కనే వల సర్దుకుంటున్న జాలరి ఒకాయన పిల్లల్ని చూస్తూ అన్నాడు: "పిట్టల్ని లెక్కెడతన్నారు, మంచిదేనండీ. నీళ్లెంతున్నాయో, ఉప్పెంత ఎక్కిందో మాకెవరు చెప్తారండీ?"

ఆయన మాటతో నా ఆలోచన దారి మారింది. సరిహద్దు గురించి చెప్పాల్సింది శాస్త్రజ్ఞులు ఎప్పుడో చెప్పేశారు. దాని మీద మళ్లీ అధ్యయనం అంటే ఆక్రమణకు ఇంకో సీజను ఇవ్వడమే. రోజూ మారేది నీరు. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు వచ్చి కలిసేది కొల్లేట్లోనే. తమ్మిలేరూ అక్కడికే వస్తుంది. ఇంత నీరూ సముద్రానికి పోవడానికున్న దారి ఉప్పుటేరు ఒక్కటే. అది పూడినా, కిక్కిస, గుర్రపు డెక్క అడ్డుపడినా ఎగువ ఊళ్లు మునుగుతాయి. వేసవిలో సరస్సు మట్టం తగ్గితే అదే ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు ఎగదన్నుతుంది. చేప, పక్షి, వరి మూడూ ఆ మట్టం మీదే బతకాలి.

కాబట్టి అటవీశాఖకూ జలవనరుల శాఖకూ నాదొక్కటే విన్నపం. కొత్త కమిటీ వద్దు. ప్రతి లంక గ్రామంలో నీటి మట్టం కొలబద్ద పాతండి, ఉప్పు శాతం కొలిచే పరికరం ఇవ్వండి, ఆ ఊరి జాలరి కుటుంబాలకే జీతమిచ్చి రోజూ కొలిపించండి. ఆ అంకెలు పంచాయతీ బోర్డు మీద తెలుగులో రాయించండి. జిరాయితీ రైతుల పరిహారం ఈ ఏటి బడ్జెట్‌లోనే పెట్టండి.