పాఠపరిష్కరణ దృష్టితో ఓపెన్ సోర్స్ తెలుగు ఖతులు: వాడుకరి పాత్ర

1. ఉపోద్ఘాతం

దివిసీమలోని పెదప్రోలుకు చెందిన కాసుల పురుషోత్తమకవి రచించిన ఆంధ్రనాయక శతకాన్ని గాని, మొవ్వ క్షేత్రయ్య పదాలను గాని నేడు కంప్యూటరులో పరిష్కరించి ప్రకటించదలచిన పరిశోధకునికి ప్రతులతోపాటు ఖతి (ఫాంటు) కూడా ముఖ్యమే. అరసున్న, బండి ఱ, జంట ఒత్తులు తెరపై సరిగా నిలవకపోతే పాఠమే చెడుతుంది. అటువంటి దోషాన్ని సరిచేయించడంలో వాడుకరి పాత్ర ఎంత అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. హక్కు వేరు, ప్రభావం వేరు

సిలికానాంధ్ర అందించిన మండలి, గిడుగు, గురజాడ, పెద్దన వంటి ఖతులు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద లభిస్తున్నాయి. వీటిని ఎవరైనా వాడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. మార్చిన ఖతిని అదే లైసెన్సుతో ఇవ్వాలి. అయితే మార్చుకొనే హక్కు ఉన్నంత మాత్రాన మూలఖతి మారదు. ఆ నిర్ణయం దాని నిర్వాహకులది. ఎవరికి వారు తమ కంప్యూటరులో దిద్దుకొని ఊరుకుంటే, ప్రకటించని పాఠాంతరాల వలె ఆ సవరణలు అక్కడే ఉండిపోతాయి. సవరణ మూలానికి చేరినప్పుడే అది అందరిదవుతుంది.

3. ఆధారమే బలం

నిర్వాహకులను ఒప్పించేది ఫిర్యాదుల సంఖ్య కాదు, ఆధారం. “అక్షరాలు సరిగా రావడం లేదు” అన్న మాట వల్ల ప్రయోజనం లేదు. ఖతి ఏ కూర్పు, ఏ అక్షరాలను ఏ వరుసలో టైపు చేశారు, తెరపై ఏమి కనిపించింది, ప్రామాణిక ముద్రణలో ఎలా ఉంది అన్నవి చూపాలి. దోషం ఒక్క ఖతిలోనే ఉంటే బహుశా అది ఖతిదే. అన్ని ఖతుల్లోనూ కనిపిస్తే అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ వంటి సాఫ్ట్‌వేరును శంకించాలి. దానిని ఫైర్‌ఫాక్స్, లిబ్రెఆఫీస్ వంటివి వాడుతున్నాయి గనుక అక్కడ జరిగిన ఒక్క సవరణ వీటన్నిటికీ అందుతుంది.

యూనికోడ్ సాఫ్ట్‌వేరు కాకపోయినా అక్కడా ఇదే న్యాయం. కొత్త అక్షరం చేరాలంటే దాని వాడుకకు ఆధారాలు చూపాలి. పాత ముద్రణల్లోని నకారపొల్లుకు 2021లో వెలువడిన 14వ కూర్పులో ప్రత్యేక స్థానం దక్కింది.

4. ముగింపు

ప్రతులను పోల్చడం, దోషాన్ని గుర్తించడం, సరైన పాఠాన్ని ఆధారంతో నిరూపించడం తెలుగు పరిశోధకులకు చిరకాలంగా అలవాటైన పనులే. సాఫ్ట్‌వేరు నిపుణులకు లేనిదీ, వారికి కావలసినదీ ఈ జ్ఞానమే. అయినా మనం ఖతిని అచ్చయిపోయిన పుస్తకంగా భావించి, దాని దోషాలకు తలొగ్గుతున్నాం. ఒక్కోసారి ఖతికి లొంగని అరసున్ననే వదిలేస్తున్నాం. మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డల తెలుగు అధ్యాపకులు తమ ప్రాంత కవుల పాఠాలను టైపు చేయించేటప్పుడు ఖతులకూ ఒక తప్పొప్పుల పట్టిక తయారుచేసి నిర్వాహకులకు పంపాలి. కోడు రాయడం రాకపోయినా ఓపెన్ సోర్స్ దిశను మార్చగల మార్గం ఇది. ఈ పని భాషాశాస్త్రం తెలిసినవారు చేయకపోతే, తెలుగు లిపిలో ఏది ఒప్పో ఏది తప్పో తెలుగు చదవలేనివారే నిర్ణయించవలసి వస్తుంది.