బొగ్గు వ్యాగన్‌కు దక్కాల్సిన కొలత

రైలు నమూనా అనగానే ఇంజనే గుర్తొస్తుంది. నా దృష్టిలో చేతిపనికి అసలు పరీక్ష బ్రిటిష్ రైల్వేల 16 టన్నుల బొగ్గు వ్యాగన్. అడుగుకు 4 మిల్లీమీటర్ల లెక్కన, 9 అడుగుల చక్రాల ఎడం 36 మిల్లీమీటర్లకు దిగుతుంది. పక్కన వాలుగా గీసిన తెల్లచార ఏ చివర తలుపుందో చెబుతుంది; తిప్పి గీస్తే వ్యాగనే అబద్ధమవుతుంది. ఇక తుప్పు, రంగు పెచ్చులూడిన చోటే మొదలవ్వాలి.

ఇదే లెక్కన పట్టాల ఎడం 18.83 ఉండాల్సింది 16.5 మిల్లీమీటర్లే కదా అంటారు. నిజమే, ఆ రాజీ నచ్చనివారు సరైన పట్టాలే వేసుకుంటారు. కెనడాలోని ఏజాక్స్ ఊళ్లో బ్రిటిష్ వ్యాగన్ ఎందుకనీ అడుగుతారు. ఆ ఊరి పేరే బ్రిటిష్ యుద్ధనౌకది. 1939లో రివర్ ప్లేట్ దగ్గర పోరాడిన మామూలు నావికుల పేర్లూ అక్కడి వీధులకున్నాయి. అలాంటి ఊళ్లో, ఇంజన్ వెనక బొగ్గు మోసిన బండికి ఇంత శ్రద్ధ దక్కడం న్యాయమే.